‘అలవాట్లు: లేవు’ – ఒక గడి చరిత్ర

మా మేనమామ పోయి ఏడేళ్లయింది. ఆయన రేకుపెట్టెలో భూమి పట్టా, రేషను కార్డు, పాత దస్తీలో చుట్టిన ఆసుపత్రి కాగితాలు దొరికాయి. ఆ కాగితాలు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. అందులో మూడు ముఖ్యమైనవి. మొదటిది చేతిరాత చీటీ. దాని మీద ‘అలవాట్లు: లేవు’ అని ఉంది. రెండోది పదకొండు నెలల తర్వాత వేరే ఆసుపత్రిలో రాసింది. అందులో ‘ఇరవై ఏళ్లుగా బీడీ’ అని ఉంది. మూడోది హైదరాబాదులో కంప్యూటర్ నుంచి అచ్చయి వచ్చిన డిశ్చార్జి కాగితం. దాని మీద ‘క్రానిక్ స్మోకర్’ అన్న రెండు మాటలు తప్ప మరేమీ లేదు.

పదకొండు నెలల్లో ఒక మనిషి ఇరవై ఏళ్లు బీడీ ఎలా తాగాడు? ఈ ప్రశ్న మొదట నాకు నవ్వులాటగా తోచింది. తర్వాత తోచలేదు.

వైద్యులు రోగిని అడిగి రాసుకునేదాన్ని ‘హిస్టరీ’ అంటారు. ఆ మాటను మనం పెద్దగా పట్టించుకోలేదు. రాజుల చరిత్ర శాసనాల్లో దొరుకుతుంది. కూలివాడి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? రెవెన్యూ కాగితంలో కొంత, పోలీసు కాగితంలో కొంత, ఆసుపత్రి కాగితంలో కొంత. మా మేనమామ గురించి ప్రపంచంలో ఎవరైనా ‘చరిత్ర’ అన్న పేరుతో రాసింది ఈ మూడు కాగితాలే. అందుచేత ఆ చరిత్ర నిజమా కాదా అని పరిశీలించడం సాహిత్య విమర్శకుడి పని కూడా అని నేననుకుంటున్నాను.

1

ముందు పొగాకు సంగతి. పోర్చుగీసుల ఓడల మీద వచ్చిన ఈ ఆకు ఉత్తరాది దర్బారుకు చేరింది దక్కను మీదుగానే. అక్బరు కొలువులోని అసద్ బేగ్ రాచకార్యం మీద బిజాపూరు వెళ్లి, అక్కడ పొగాకు చూసి, 1604-05 ప్రాంతంలో దాన్ని చక్రవర్తి ముందు పెట్టాడు. ఆ సంఘటనను తానే రాసిపెట్టాడు. మన గ్రంథాల్లో లేని వస్తువును ఎలా నమ్మేదని ఆస్థాన వైద్యుడు అభ్యంతరం చెప్పాడట. 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. నిషేధం నిలవలేదు, ఆకు నిలిచింది.

నిలిచినప్పుడు అందరి దగ్గరా ఒకే రూపంలో నిలవలేదు. దొర గడీలో హుక్కా అయింది. రైతు చేతిలో చుట్ట అయింది. పండితుడి దగ్గర నశ్యం డబ్బా అయింది. కూలివాడి చెవి మీద బీడీ అయింది. 1930లో హైదరాబాదులో వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ పుట్టి, చార్మినార్ సిగరెట్టు వచ్చాక చదువుకున్న ఉద్యోగికి కూడా ఒక రూపం దొరికింది. ఒకే మొక్క తరగతుల వారీగా చీలిపోయింది. భాష కూడా ఆ చీలికను పట్టుకుంది. మనం చుట్ట కాలుస్తాం, బీడీ తాగుతాం, నశ్యం పీలుస్తాం, తంబాకు నములుతాం, గుట్కా దవడకు పెట్టుకుంటాం. అయిదు పనులకు అయిదు క్రియలున్నాయి. ఈ అయిదింటినీ ఆసుపత్రి కాగితం ‘స్మోకింగ్’ అన్న ఒక్క మాటతో అడుగుతుంది. అడిగినప్పుడు మొదటి రెండు పనులకే జవాబు వస్తుంది. తక్కిన మూడూ జవాబు చెప్పనక్కర్లేని పనులైపోతాయి.

దీని ఫలితం చిన్నది కాదు. 2016-17లో దేశమంతటా జరిగిన పెద్దల పొగాకు సర్వే ప్రకారం నూటికి 28.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవారు 10.7. పొగలేని రూపాల్లో వాడేవారు 21.4. అంటే పొగను మాత్రమే అడిగే గడి దేశంలోని పొగాకులో పెద్ద వాటాను వదిలేస్తుంది. ఆ వాటాలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కనుక శ్రీకాకుళాన్ని తలచుకోవాలి. అక్కడి పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఆడవాళ్లలో తరతరాలుగా ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. అంగిలికి వచ్చే పుండ్లకూ, క్యాన్సరుకూ ఆ నిప్పుకూ ఉన్న సంబంధాన్ని విశాఖపట్నం వైద్యులు ముందే గమనించారు. పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా తదితరులు 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లు ‘పొగ తాగుతావా’ అన్న దగ్గర ఆగలేదు. ‘ఎలా తాగుతావు’ అని అడిగారు. ప్రశ్న మారగానే లోకానికి ఒక కొత్త విషయం తెలిసింది. అడిగేవాడు ఊరి మాట తెలిసినవాడైతే రోగం తన పేరు చెబుతుంది.

2

‘పొగ తాగుతావా’ అన్న ప్రశ్నకు వైద్యచరిత్రలో గౌరవమైన స్థానం ఉంది. అది వట్టి లాంఛనమని ఎవరూ అనుకోకూడదు. లండనులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు ఇరవై ఆసుపత్రుల్లోని రోగులను అడిగించారు. ఊపిరితిత్తుల క్యాన్సరు ఉన్నవారు 709 మంది, లేనివారు 709 మంది. ఆ ఫలితాలు 1950 సెప్టెంబరు 30న వెలువడ్డాయి. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ గల సంబంధాన్ని స్థాపించిన తొలి అధ్యయనాల్లో అదొకటి. వాళ్ల చేతిలో ఏ యంత్రమూ లేదు. ఒక ప్రశ్నావళి ఉంది, అడగటానికి మనుషులున్నారు.

అయితే వాళ్లు జవాబులను గుడ్డిగా నమ్మలేదు. మనం నేర్చుకోవలసింది ఇక్కడే. ఎవరిని పొగ తాగేవాడు అనాలో ముందే నిర్వచించుకున్నారు. కనీసం ఒక ఏడాది పాటు రోజుకు ఒక్క సిగరెట్టయినా తాగినవాడే ఆ మాటకు అర్హుడు. యాభై మందిని ఆరునెలలో, అంతకన్నా ఎక్కువో గడిచాక మళ్లీ అడిగి, మనిషి జ్ఞాపకం ఎంతవరకు నిలకడగా ఉంటుందో చూశారు. అడిగేవాళ్ల పక్షపాతం జవాబుల్లోకి దూరిందేమోనని కూడా పరీక్షించారు. మొదట క్యాన్సరు అనుకుని, తర్వాత కాదని తేలిన రోగులు కొందరున్నారు. క్యాన్సరు రోగులనుకునే వాళ్లను అడిగారు. అయినా వాళ్ల పొగ చరిత్ర క్యాన్సరు లేనివారి చరిత్రలాగే ఉంది. అడిగేవాడి ఊహ జవాబును మార్చలేదని దీంతో రుజువైంది.

మన దేశంలో ఇంకా కష్టమైన పని జరిగింది. చచ్చిపోయినవాడి అలవాటును బతికున్నవాళ్లను అడిగి తెలుసుకున్నారు. పొగకూ మరణాలకూ గల సంబంధం మీద ప్రభాత్ ఝా తదితరులు 2008లో ప్రచురించిన దేశవ్యాప్త అధ్యయనం కోసం గణన సిబ్బంది లక్షలాది ఇళ్లకు వెళ్లి కుటుంబసభ్యులను అడిగారు. రోజుకు ఒకటి నుంచి ఏడు బీడీలు మాత్రమే తాగేవారిలో కూడా మరణ ప్రమాదం పెరిగిందని అందులో తేలింది. మన పాలమూరులో ఎవర్ని అడిగినా వచ్చే జవాబు ‘ఎప్పుడన్న ఒకటి సారూ’. ఆ ‘ఎప్పుడన్న ఒకటి’ని ‘లేదు’ కింద రాసుకునే గుమాస్తా, సరిగ్గా ఆ ఒకటి నుంచి ఏడు బీడీల మనిషినే లెక్కలోంచి తీసేస్తున్నాడు.

3

ఇక కంప్యూటరు. అమెరికాలో 2009లో ఒక చట్టం వచ్చింది. ఆసుపత్రులు కాగితం మాని కంప్యూటరు రికార్డులకు మారితే డబ్బిస్తామన్నది దాని సారాంశం. 2011 నుంచి ఆ డబ్బు రావాలంటే పదమూడేళ్లు దాటిన రోగుల్లో సగానికి పైగా పొగ అలవాటు నమోదై ఉండాలన్నారు. రోజూ తాగేవాడు, అప్పుడప్పుడు తాగేవాడు, మానేసినవాడు, ఎన్నడూ తాగనివాడు, ఒకప్పుడు తాగాడుగానీ ఇప్పుడు తాగుతున్నాడో లేదో తెలియనివాడు, అసలేమీ తెలియనివాడు అని గడులు గీశారు. గడి నిండిందా లేదా అన్నది లెక్కించారు. నిండింది నిజమా కాదా అన్నది లెక్కించలేదు. యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రచురించిన పరిశీలనలో, నూటికి ఎనభై మందికి పైగా రోగుల పొగ రికార్డుల్లో ఏదో ఒక లోపం కనబడింది. రోజుకెన్ని పెట్టెలో లేదు, ఎన్నేళ్లో లేదు, ఎప్పుడు మానాడో లేదు, ఉన్నది పాతబడిపోయింది. ఆ దేశంలో క్యాన్సరును ముందుగా పట్టే పరీక్షకు అర్హత నిర్ణయించేది ఆ అంకెలే. 2021 నుంచి దాని కొలత ఇరవై ‘ప్యాక్ ఇయర్లు’. అంటే రోజుకు ఒక పెట్టె చొప్పున ఇరవై ఏళ్లు. అంకె తప్పితే మనిషికి పరీక్ష తప్పుతుంది.

మన దగ్గర ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు 2013లో వచ్చాయి, 2016లో సవరించారు. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. క్షయరోగుల వివరాలు 2012 నుంచే నిక్షయ్ అనే వ్యవస్థలోకి ఎక్కుతున్నాయి. పల్లెలో ఆశా కార్యకర్త ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషినీ అడిగి నింపవలసిన పత్రం ఒకటుంది. ఆ పత్రాన్ని ఒక సాహిత్య పాఠంగా చదువుదాం.

పొగ తాగుతారా, లేదా గుట్కా, ఖైనీ వంటివి వాడుతారా అన్నది ప్రశ్న. ఎన్నడూ లేదంటే సున్న. గతంలో వాడినా, ఇప్పుడు అప్పుడప్పుడు వాడినా ఒకటి. రోజూ అంటే రెండు. వయసు, నడుము కొలత, మద్యం వంటి వాటికి వచ్చిన మార్కులతో ఇవి కలుస్తాయి. మొత్తం నాలుగు దాటితే పరీక్షల్లో ఆ మనిషికి ముందు చోటు.

ఆసుపత్రి కాగితం నమిలేవాణ్ణి వదిలేసింది. ఈ పత్రం వాణ్ణి కలుపుకుంది. అది మంచిదే. కానీ కలిపిన తర్వాత ఎవరు ఏం వాడుతున్నారో తెలియకుండా పోయింది. పదేళ్ల కింద పట్టుదలతో మానేసిన మనిషీ, నిన్న సాయంత్రం కల్లు దుకాణం దగ్గర రెండు బీడీలు తాగిన మనిషీ ఒకే గడిలో పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరికీ ఒకటే మార్కు.

తెలుగు ఉపాధ్యాయుడిగా నాకు ఇక్కడ వ్యాకరణం గుర్తొస్తుంది. ‘తాగుచున్నాడు’ వేరు, ‘తాగెను’ వేరు, ‘తాగును’ వేరు. ఈ మూడోదాన్ని మన వ్యాకరణం తద్ధర్మార్థకం అంది. కాలానికి కట్టుబడకుండా స్వభావాన్ని చెప్పే క్రియ అది. వాడుకలో మనం ‘తాగుతాడు’ అంటాం. ‘తాగేవాడు’ అంటే మానేశాడని కూడా ధ్వని. మా ఊరి ఆడవాళ్లను మొగుడి సంగతి అడిగితే ఈ నాలుగు రూపాలనూ పొరపాటు లేకుండా వాడతారు. ‘తాగుతుండె, మానిండు, మళ్ల వట్టిండు’ అని ఒక్క వాక్యంలో ముప్పై ఏళ్ల చరిత్ర చెబుతారు. కంప్యూటరు గడికి ఆ వాక్యం పట్టదు. నోటిలో ఉన్న కచ్చితత్వం తెరమీదికి ఎక్కేసరికి పోతోంది. తప్పు చెప్పేవాడిదని నిర్ణయించే ముందు ఈ సంగతి చూడాలి.

చెప్పేవాడు కూడా ఎప్పుడూ నిజం చెప్పడు. దాన్ని దాచిపెట్టి వాదించడం నిజాయితీ కాదు. మా మేనమామ మొదటి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నేను వెంట ఉన్నాను. బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడు తలెత్తకుండా ‘అలవాట్లేమన్న ఉన్నయా?’ అన్నాడు. ఆయన వెనక్కి తిరిగి కూతురి మొహం చూశాడు. ‘ఏం లేవు సారూ’ అన్నాడు. ఆయన బీడీలు తాగిన సంగతి నాకు తెలుసు. నేనూ మాట్లాడలేదు. రెండో ఆసుపత్రిలో అల్లుడు వెంట ఉన్నాడు. ఆయన నోరు తెరవకముందే ‘ఇరవై ఏండ్ల సంది తాగుతుండె’ అని అల్లుడు చెప్పాడట. ఒకచోట కూతురి ముందు సిగ్గు జవాబు చెప్పింది. ఇంకోచోట అల్లుడి విసుగు జవాబు చెప్పింది. రెండుచోట్లా మనిషి మాట్లాడలేదు. ‘అలవాట్లు’ అన్న మాటలోనే ఒక తీర్పు ఉంది. తీర్పు వినబడే ప్రశ్నకు ఎవడైనా కోర్టులో చెప్పినట్టే చెబుతాడు.

4

మూడో కాగితం సంగతి వేరు. హైదరాబాదులో ఎవరూ ఆయన్ను ఏమీ అడగలేదు. రెండో కాగితం చూసి ఎక్కించారు. ‘ఇరవై ఏళ్లుగా బీడీ’ అన్నది ‘క్రానిక్ స్మోకర్’గా కుదించుకుపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి కాగితంలోనూ అదే మాట ఉంది. అయిదు కాగితాలు అయిదుసార్లు చెప్పాయి కనుక నిజమేనని పెద్ద డాక్టరు నమ్మాడు.

తాళపత్రాలు చదివినవారికి ఈ జబ్బు కొత్త కాదు. దాన్ని మనం లేఖక ప్రమాదం అంటాం. ఒక లేఖకుడు పొరబడతాడు. అతని ప్రతిని చూసి పదిమంది రాసుకుంటారు. పదకొండు ప్రతుల్లోనూ అదే పాఠం కనబడుతుంది. పరిష్కర్త తెలివైనవాడైతే పదకొండు ప్రతులున్నాయి కదా అని మురిసిపోడు. వీటి మాతృక ఒకటే, కనుక సాక్ష్యమూ ఒకటే అంటాడు. వనపర్తి సంస్థానంలో కొంతకాలం ఉన్న మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని అచ్చువేసినప్పటి నుంచి, ఒక ప్రతిని ఎంతవరకు నమ్మాలి అన్న వాదం తెలుగులో ఎన్ని దశాబ్దాలు నడిచిందో మన విద్యార్థులకు తెలుసు. ఒక పద్యం విషయంలో ఇంత జాగ్రత్త పడిన జాతి, ఒక మనిషి ఊపిరితిత్తుల విషయంలో ప్రతికి ప్రతి రాసుకుంటూ పోవడం విచారకరం. కంప్యూటరు లేఖకుణ్ణి తీసేయలేదు. అతని చేతికి అలసట లేకుండా చేసింది, అంతే.

ఇంకొక పోలిక మరింత దగ్గరది. తెలంగాణలో కవులు లేరని ఒక పెద్దమనిషి రాశాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి కోపంతో సమాధానం రాసి ఊరుకోలేదు. అడిగారు. ఊరూరి నుంచి కవుల వివరాలూ పద్యాలూ తెప్పించారు. 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు నిలబడ్డారు. నడిగడ్డ బిడ్డ చేసిన ఆ పని కవిత్వ సేకరణ మాత్రమే కాదు. రికార్డులో ‘లేరు’ అని ఉన్నచోట ‘అడగలేదు’ అన్న అసలు మాటను ఆయన చదివారు. ఆసుపత్రి రికార్డుకైనా, సాహిత్య చరిత్రకైనా ఇదే మొదటి సూత్రం కావాలి. ‘లేదు’ ఒక జవాబు. ‘అడగలేదు’ ఒక ఒప్పుకోలు. ఈ రెండింటికీ ఒకే గడి ఇచ్చిన కాగితం అబద్ధం చెబుతుంది. రాసినవాడు ఎంత మంచివాడైనా సరే.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఉపాధ్యాయులుగా మేమూ తిరిగాం. మధ్యాహ్నం దాటేసరికి ఇంకా చాలా ఇళ్లు మిగిలాయి. ఒక గుడిసెలో ముసలామె ఒక్కతే ఉంది. కొన్ని ప్రశ్నలు అడిగాను. కొన్ని ఆమె వాలకం చూసి నేనే నింపాను. దీర్ఘవ్యాధులు ‘లేవు’ అని రాసి బయటికి వచ్చేసరికి ఆమె దగ్గు వినబడింది. నేను వెనక్కి వెళ్లలేదు. ఆసుపత్రి బల్ల దగ్గరి కుర్రవాడి మీద నాకు కోపం వచ్చినప్పుడల్లా ఆ దగ్గు వినిపిస్తుంది. ఒక్కరోజులో ముగించమన్న ఆదేశం, వరసలో నూరుమంది, చేతిలో ఒక్క కలం. తప్పుడు రికార్డు దుర్మార్గుడి చేతిలోంచి కంటే తీరిక లేనివాడి చేతిలోంచే ఎక్కువగా పుడుతుంది. ఆ తీరిక లేకుండా చేసిందెవరన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆశా కార్యకర్తకు జీతం లేదు, పనికింత అని పారితోషికం. ఆమె నింపే గడిని నిందించేముందు ఆమె నడిచే దూరాన్ని కొలవాలి.

5

ఇంతకూ మా మేనమామ అసలు చరిత్ర ఏమిటి? ఇంట్లో అందరినీ అడిగి నేను రాసుకున్నది ఇది. పద్దెనిమిదో ఏట గుంపు మేస్త్రీ వెంట పాలమూరు లేబరుగా బయటి రాష్ట్రానికి పోయాడు. అక్కడ బీడీ పట్టాడు. రోజుకొక కట్ట. ఎనిమిదేళ్లు. రెండో కూతురు పుట్టిన ఏడు మానేశాడు. తర్వాత పెళ్లిళ్లలో, పండుగల్లో ఎప్పుడన్న ఒకటి. అంటే ‘లేవు’ తప్పు. ‘ఇరవై ఏళ్లు’ తప్పు. ‘క్రానిక్ స్మోకర్’ అయితే మనిషిని చూసి రాసిన మాట కానే కాదు.

అసలు సంగతి ఇంకొకటుంది. ఆయన పోయింది సొరంగం పనికి. పదకొండు పనికాలాలు కొండలో బెజ్జాలు తొలిచాడు. సాయంత్రం బయటికి వస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవని ఆయనే చెప్పేవాడు. మూడు కాగితాల్లో ఎక్కడా ఆ దుమ్ము లేదు. వృత్తి అన్న గడిలో ‘కూలి’ అని ఉంది. ఏం కూలి అని ఎవరూ అడగలేదు. రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్‌ను 1948 ఫ్యాక్టరీల చట్టం తప్పనిసరిగా తెలియపరచవలసిన జబ్బుల్లో చేర్చింది. 1923 నాటి నష్టపరిహార చట్టం వృత్తిజబ్బుల పట్టికలోనూ అది ఉండేది. కానీ చట్టం తలుపు తెరవాలంటే కాగితం మీద దుమ్ము ఉండాలి. ఆయన కాగితం మీద పొగ మాత్రమే ఉంది.

ఆయనకు వచ్చింది సిలికోసిసేనని నేను తీర్పు చెప్పడం లేదు. అది వైద్యులు తేల్చవలసిన విషయం. తేల్చడానికి కావలసిన ప్రశ్న ఎవరూ వేయలేదన్నదే నా ఫిర్యాదు. ‘బీడీ తాగాడు’ అన్న మాట రాగానే విచారణ ముగిసింది. రోగానికి కారణం దొరికింది, కారణం రోగే. మేస్త్రీ లేడు, గుత్తేదారు లేడు, సొరంగం లేదు.

ఇక్కడ మనలో కొందరు తొందరపడి, అయితే పొగ ప్రశ్నే కూలివాడి మీద కుట్ర అనవచ్చు. అది తప్పు. 1968లో సెలికాఫ్, హామండ్, చర్గ్ అమెరికాలో ఆస్‌బెస్టాస్ పనివాళ్ల మీద ప్రచురించిన అధ్యయనం ఏం చెప్పింది? ఆస్‌బెస్టాస్ ధూళి, సిగరెట్టు రెండూ కలిసినప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సరు ప్రమాదం ఊహకందనంతగా పెరుగుతుందని చెప్పింది. పొగను కచ్చితంగా అడిగి రాసుకున్నందువల్లనే ధూళి పాలు ఎంతో తేలింది. పొగ లెక్క తప్పితే ధూళి లెక్క కూడా తప్పుతుంది. యజమానికి కావలసింది తప్పుడు పొగ లెక్కే. పనివాడికి కావలసింది సరైన లెక్క.

ఆడవాళ్ల విషయంలో ఇదే మరోవైపు నుంచి జరుగుతుంది. కట్టెల పొయ్యి ముందు నలభై ఏళ్లు కూర్చున్న తల్లి కాగితం మీద ‘ఎన్నడూ పొగ తాగలేదు’ అని ఉంటుంది. ఆ మాట నిజమే. కానీ ఆమె పొగ తాగలేదా? మన భాషలో పొయ్యిదీ పొగే, బీడీదీ పొగే. రికార్డు భాషకు బీడీదే పొగ.

నల్లమలలోనూ పెరిగే తునికిచెట్టు ఆకు బీడీకి చుట్టయింది. ఆ ఆకు వ్యాపారాన్ని 1970ల ఆరంభంలో ప్రభుత్వం తన అదుపులోకి తెచ్చుకుంది. బీడీ కార్మికులకు 1966లో చట్టం వచ్చింది, 1976లో సంక్షేమ నిధి వచ్చింది. ఆకు కట్టకు లెక్క ఉంది. చుట్టిన వెయ్యి బీడీలకు లెక్క ఉంది. పన్నుకు లెక్క ఉంది. ఒక బీడీ చెట్టు మీద నుంచి దుకాణం దాకా వచ్చేవరకు ప్రతి అడుగూ పుస్తకాల్లో ఎక్కుతుంది. మనిషి ఊపిరిలోకి పోయిన తర్వాతే లెక్క తప్పుతుంది. ఎందుకంటే అక్కడిదాకా ప్రతి లెక్కలోనూ ఎవరికో లాభం ఉంది.

6

రచయితలుగా మన చేతులు శుభ్రంగా ఉన్నాయా? గిరీశం శిష్యుడికి చుట్ట కాల్చడం నేర్పితే గురజాడ దాన్ని ఆ మనిషి బతుకు తీరులో భాగం చేశాడు. ఏం కాలుస్తాడు, ఎవరి డబ్బుతో కాలుస్తాడు, ఎవరి ముందు కాలుస్తాడు అన్నవి నాటకంలో ఉన్నాయి. మరి మనం? కష్టజీవిని చూపించాలంటే నోట్లో ఒక బీడీ పెట్టేస్తున్నాం. రిక్షావాడు బీడీ వెలిగిస్తాడు, తాపీమేస్త్రీ బీడీ ఆర్పుతాడు, కథ మొదలవుతుంది. ఆ బీడీ ఎప్పటిది, ఎందుకు పట్టాడు, ఎందుకు మానలేకపోయాడు అన్నది మనకు అక్కర్లేదు. మొహం చూసి ‘క్రానిక్ స్మోకర్’ అని నొక్కిన వేలికీ, మొహం చూసి బీడీ రాసిన మన కలానికీ తేడా ఏమిటి? మనదీ వాలకం చూసి నింపిన గడే.

2022లో వనపర్తిలో, నాగర్‌కర్నూలులో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2024లో గద్వాలకూ వచ్చింది. ఒకప్పుడు జబ్బుతో కర్నూలుకో హైదరాబాదుకో బస్సెక్కిన మన జనం చరిత్రను ఇకమీద మన ఊళ్లోనే, ఇరవై ఏళ్ల పిల్లలు, కంప్యూటరు ముందు కూర్చుని రాస్తారు. వాళ్లలో కొందరు మా బడుల్లో చదివిన పిల్లలే. వాళ్లకు నేను చెప్పగలిగింది వైద్యం కాదు, భాష. ‘అలవాట్లున్నాయా’ అనకండి. బీడీ పేరెత్తి అడగండి, చుట్ట పేరెత్తి అడగండి, గుట్కా, నశ్యం, తంబాకు ఒక్కొక్కటీ అడగండి. ఎప్పుడు పట్టాడో, ఎప్పుడు మానాడో ఇంట్లో జరిగిన పుట్టుకలతో, పెళ్లిళ్లతో ముడిపెట్టి అడగండి, సంవత్సరం దానంతటదే వస్తుంది. కూతురినీ అల్లుణ్ణీ కాసేపు బయట నిలబెట్టండి. కూలి అంటే ఏం కూలో రాయండి. అడగనిచోట ‘అడగలేదు’ అని రాసే ధైర్యం తెచ్చుకోండి. పాత కాగితంలో ఉన్నదాన్ని దించేముందు ఎదురుగా ఉన్న మనిషిని ఒకసారి మళ్లీ అడగండి.

మా మేనమామ కాగితాలను నేను పారేయలేదు. ఆ మూడింటి కింద నాలుగో కాగితం ఒకటి పెట్టాను. బీడీ: రోజుకొక కట్ట, ఎనిమిదేళ్లు, రెండో బిడ్డ పుట్టిన ఏడు మానినాడు. రాయి తొలిచిన కాలం: పదకొండు పనికాలాలు. దానివల్ల ఇప్పుడు ఎవరికీ పరిహారం రాదు. కానీ ఆయన మనవడు ఈ ఏడు ఇంటరులో చేరాడు, డాక్టరు చదువుతానంటున్నాడు. ఆ కాగితం అతనికి ఇస్తాను.